చిప్పు కాళ్ల మీద మూడు గాట్లు

"మా బావని నేనే చంపాను. ఇంకా ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?" అన్నాడు మెకానిక్.

లాకప్ పక్క గదిలో బల్లకి అటువైపు కూర్చున్నాడతను. ముప్పై దాటని మనిషి. గడ్డం గీసుకోలేదు, నిద్ర పోయినట్టూ లేడు. ఇటువైపు కూర్చున్న జిడ్డక్క కుర్చీని ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

ఆమె అసలు పేరు పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడే జనం మరిచిపోయారు. మనిషిని గానీ మాటని గానీ పట్టుకుంటే ఒక పట్టాన వదలదని కిందివాళ్లు చాటుగా పెట్టిన పేరది. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నా పేరు మాత్రం ఆమెని వదల్లేదు. ఆ విషయంలో పేరు కూడా ఆమెలాంటిదే.

"చంపావు, సరే. ఎలా చంపావో చెప్పు, లేచి నా దారిన నేను పోతాను."

"ఇన్‌స్పెక్టర్ గారు రాశారుగా. రేకులు కొట్టే ప్రెస్సు ముందుండే తెర తీగ తప్పించాను. బావ లోపలికి వంగాడు. ప్రెస్సు దిగింది. తర్వాత తీగ మళ్లీ కలిపేశాను."

"తీగ ఎక్కడ తప్పించావు?"

"కంట్రోల్ పెట్టెలో."

"పెట్టెలో ఎక్కడ?"

మెకానిక్ చూపు బల్ల మీది గీతల మీదికి దిగింది.

"తీగల మీద నీ వేలిముద్ర ఒక్కటీ లేదు. రెండు చిప్పుల మీద మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. తీగ తప్పించడానికి పోయినవాడికి చిప్పులతో ఏం పని నాయనా?"

"దుమ్ము పట్టి ఉంటే తుడిచాను."

"అయిదు చిప్పులుంటే రెండింటికే పట్టిందా దుమ్ము?"

అతను గుటక మింగాడు. జిడ్డక్క ఆ గుటకని లెక్కలో వేసుకుని మాట మార్చింది.

"పొద్దున్న మీ అక్క నా దగ్గరికి వచ్చింది."

అప్పటిదాకా బల్ల మీదున్న చూపు ఒక్కసారిగా లేచింది. "అక్కని ఇందులోకి లాగకండి."

"నేను లాగడమేంటి? ఆవిడే వచ్చింది, నీ కోసం."

"కేసు వదిలేయమని చెప్పండి. వెతకొద్దని చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటాను, మీరు కూడా వెతక్కండి." అలా అని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

జైలుకి పోవడానికి సిద్ధపడ్డ మనుషుల్ని జిడ్డక్క చాలామందిని చూసింది. వాళ్ల కళ్లలో భయమో, తెగింపో ఉంటుంది. వీడి కళ్లలో బతిమాలుకోవడం ఉంది. అదే ఆమెకి మింగుడు పడలేదు.

పొద్దున్న వచ్చిన అక్క కూడా ఆమెకి అంత తేలిగ్గా అర్థం కాలేదు. చనిపోయిన ఆపరేటర్ భార్య ఆమే. అదే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అంట్లు తోముతుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, గుసగుసగా మాట్లాడింది.

"ఆ మెషీన్ నాకు సవతి లాంటిదక్కా. డాక్టరు మా ఆయన గుండెకి ఆపరేషన్ చేయించుకోకపోతే లాభం లేదన్నాడు. మెషీన్ నడిచినన్నాళ్లూ సెలవు పెట్టనంటాడు ఈయన. అది ఆగిన రోజు నేనూ ఆగుతానులే అని నవ్వేవాడు. మా తమ్ముడు కూడా దాని మీదే గొడవపడ్డాడు. ఆ మెషీన్ దగ్గరే చస్తావు బావా అని అందరి ముందూ అరిచాడు. వాడు మంచికే అన్నాడు. పోలీసులు అదే పట్టుకున్నారు."

చెబుతూ చెబుతూ, పోలీసులు తిరిగిచ్చిన మొగుడి చెవి మిషను డబ్బా తెరవబోయి, లేచి వెళ్లి కిటికీ ఊచని ఒకసారి పట్టుకుని, మళ్లీ వచ్చి కూర్చుని తెరిచింది. దుఃఖంలో ఉన్న మనిషి చేతులు ఎటు పోతాయో ఎవరికి తెలుసని జిడ్డక్క దాన్ని పట్టించుకోలేదు.

"మొగుడు పోయాడు. తమ్ముడు లోపలున్నాడు. నాకింక ఎవరూ లేరు. ఏది తేలినా సరే అక్కా, పోలీసులకన్నా ముందు నాకు చెప్పాలి. మాటివ్వండి."

జిడ్డక్క మాటిచ్చింది. మాటలు ఇవ్వడంలో ఆమె పిసినారి. ఆ పొద్దున ఎందుకో చెయ్యి జారింది.

గది బయట ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని టీ తాగుతున్నాడు. ఒకప్పుడు జిడ్డక్క చేతికింద పనిచేసినవాడే. అప్పట్లో ఆమె గదిలోకి రావాలంటే టోపీ రెండుసార్లు సర్దుకునేవాడు.

"అయిందా మేడమ్ పలకరింపు?"

"కాలేదు. నువ్వు రాసింది వల్లె వేస్తున్నాడు. పాఠం బాగానే చెప్పావు."

"ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని, పాపం వీడు చంపలేదేమో అని వెతికేది లోకంలో మీరొక్కరే." ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. "వినండి. ఆ ప్రెస్సు ముందు కంటికి కనబడని వెలుతురు తెర ఉంది. చెయ్యి అడ్డొస్తే ఇనప దిమ్మ పైనే ఆగిపోతుంది. ఆ ఆపరేటర్ ఇరవై ఏళ్లుగా అలాగే చెయ్యి పెట్టి ఇరుక్కున్న రేకులు తీస్తున్నాడు. ఆ మధ్యాహ్నం ఆగలేదు. తర్వాత మేం పరీక్షిస్తే తెర చక్కగా పనిచేస్తోంది. అంటే ఎవరో చెడగొట్టి, మళ్లీ బాగుచేశారు. మేం వచ్చేలోపు పెట్టె తెరిచినవాడు ఒక్కడే. వాడి ముద్రలున్నాయి, వాడి గొడవుంది, వాడి ఒప్పుకోలుంది. ఇంకేం కావాలి?"

"ఆయిల్ లైటు సంగతి కావాలి."

ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచాడు. ప్రెస్సు పక్కన నిలబడి కొట్టిన పలకలు ఏరుకునే ముసలావిడ ఒక మాట చెప్పింది. ఆయన లోపలికి వంగగానే, ఆయిల్ తగ్గినప్పుడు వెలిగే ఎర్రలైటు వెలిగిందట. ఆ మాట వాంగ్మూలంలో చివర ఎక్కడో ఉంది.

"భయంతో ఏదో చూసుంటుంది. ట్యాంకు నిండా ఆయిల్ ఉంది, నేనే మూత తీసి చూశాను."

"నిండా ఉంటే లైటెందుకు వెలిగింది?"

"ఇదిగో, దీన్నే జిడ్డంటారు."

"అవును, నీ ప్రమోషన్ కూడా ఆ జిడ్డు వల్లే వచ్చింది. పెట్టె సీలు తీయించు, నేను ఒకాయన్ని తీసుకొస్తున్నాను."

"మధ్యాహ్నం వీణ్ణి కోర్టులో పెడతాను. ఆ తర్వాత పెట్టె యజమానిది. పాత ఇనుము కొనేవాడు ఇప్పటికే గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఈలోపు ఏం పీక్కుంటారో పీక్కోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అని, టీ గ్లాసు కింద పెట్టి తనూ వెంట బయలుదేరాడు. నోటితో ఏమన్నా కాళ్లు మాత్రం పాత అలవాటు మరిచిపోలేదు.

జిడ్డక్క తీసుకొచ్చినాయన్ని అందరూ బోర్డు మాస్టారు అంటారు. ఆ పెట్టెలో ఉన్న కంట్రోల్ బోర్డుని వయసులో ఉన్నప్పుడు గీసింది ఆయనే. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి చాలా ఏళ్లయినా, తన పిల్లల గురించి చెప్పినట్టే చెబుతాడు.

ఫ్యాక్టరీలో ప్రెస్సు చుట్టూ నేలని కడిగేశారు. కడిగిన చోటు మిగతా నేలకన్నా తెల్లగా ఉండటం వల్ల, చూడకూడదనుకున్నా చూపు అక్కడికే పోతోంది. ఇత్తడి రేకులు ఒక పక్క పేర్చి ఉన్నాయి. వాటితో తాళాల పలకలు కొట్టడమే ఆ ప్రెస్సు పని. దాని పక్కన గోడకి బిగించిన పెట్టె తలుపు తీసి, మాస్టారు భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇప్పుడు ఒక్క చిప్పులో ఇమిడిపోయే సంసారం ఇది. అప్పట్లో అయిదింటికి పంచేవాళ్లం. ఇదిగో ఈయన ఇంటి పెద్ద. లెక్కలన్నీ ఈయనవే, కానీ ఏదీ గుర్తుండదు. ఇవి రెండూ చదువుకున్నవి. మెషీన్ ఏం చేయాలో చిప్పులు చేసే ఫ్యాక్టరీలోనే వీటి కడుపులో చెక్కి పంపేవారు, ఇక చెరపడం ఉండదు. ఇది అప్పటికప్పుడు రాసుకుని తుడిచేసే పలక. ఈ చివరిది లైట్లకీ వాటికీ సంకేతాలు పంచిపెడుతుంది. ఇలాంటి చిప్పులు ఇప్పుడు చేసేవాడు లేడు. ఒక్కటి పోయిందా, ఈ ప్రెస్సు పాత ఇనుమే."

తెల్లని పింగాణీ ఒళ్లు, రెండు వైపులా బంగారు పూత పూసిన సన్నని కాళ్లు. అయిదూ ఒకే కొలతలో ఉన్నాయి. ప్రతి చిప్పు మీదా, అది కూర్చునే సాకెట్టు మీదా ఒకే రంగు చుక్క పెట్టి ఉంది.

"ఆ చదువుకున్నవి రెండూ తీయండి మాస్టారూ. మెకానిక్ ముద్రలు దొరికినవి."

"సాక్ష్యం ముట్టుకోవద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ముద్రలెత్తారు, ఫొటోలు తీశారు, నువ్వు మెషీన్ నడిపించి చూశావు. ఇంకా ఏం మిగిలిందని దాస్తావు? పక్కనే నిలబడు, నీ కళ్ల ముందే తీస్తాం."

మాస్టారు చెయ్యి చాచి ముందు పెట్టె ఇనప చట్రాన్ని పట్టుకున్నాడు. ఒక క్షణం అలాగే ఉంచి, అప్పుడు చిప్పు జోలికి వెళ్లాడు. "ముందు ఇనుము ముట్టుకో, తర్వాత చిప్పు ముట్టుకో. మన ఒంట్లో ఉండే కరెంటు కంటికి కనబడదు గానీ, వీటి ప్రాణం తీసేస్తుంది. మా కంపెనీలో చేరిన ప్రతి అమ్మాయికీ మొదటి రోజు పాఠం అదే."

జిడ్డక్కకి ఎక్కడో ఏదో కదిలింది. ఏమిటో అందలేదు. ఈలోపు చిప్పులు రెండూ ఊడి వచ్చాయి.

"కాళ్ల మీద గాట్లు చూడండి," అంది భూతద్దం అందుకుని.

సాకెట్టులోకి దిగేటప్పుడు లోపలి స్ప్రింగు కాలిని కరిచి ఒక గీత పెడుతుంది. బంగారు పూత మీద అది చెరగదు. మాస్టారు మిగతా మూడు చిప్పుల కాళ్లని పక్కనుంచి చూశాడు. వాటికి ఒక్కొక్క గీతే ఉంది, పాతబడి నల్లబడిన గీత. ఊడదీసిన రెండింటికీ మాత్రం మూడేసి ఉన్నాయి. ఒకటి పాతది. రెండు తళతళలాడుతున్నాయి.

"తీశాడు, పెట్టాడు. నేను చెప్పిందే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక్కసారి తీసి పెడితే కొత్త గాటు ఒకటే పడాలి. రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టారు. మాస్టారూ, ఈ రెండింటినీ ఒకదాని చోట ఒకటి పెడితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు," అన్నాడు మాస్టారు గర్వంగా. "వీటి గొప్పే అది. వేరే రకాల్లో అయితే ఏ చోట కూర్చుంటే అదే దాని నంబరు. వీటికి నంబరు కడుపులోనే చెక్కి ఉంటుంది. ఇంటి పెద్ద ఒకటో నంబరుని పిలిస్తే, అది ఏ కుర్చీలో కూర్చున్నా అదే పలుకుతుంది. పొద్దున్నే మెషీన్ తనని తాను పరీక్షించుకుంటుంది చూశావూ, అందులోనూ పాసైపోతుంది. ఎప్పటిలాగే..."

మాట మధ్యలో ఆగింది. మాస్టారు భూతద్దం కిందికి దించాడు.

"కాళ్లు," అన్నాడు నెమ్మదిగా. "అయ్యో. కాళ్ల సంగతి మరిచాను. ఈ చదువుకున్న చిప్పులకి ఒక్కొక్కదానికి నాలుగు కాళ్లు బయటి ప్రపంచంతో మాట్లాడతాయి. ఈ సాకెట్టుకి తెర తీగలు వస్తాయి. ఆ సాకెట్టుకి ఆయిల్ ట్యాంకు తీగలు. కుర్చీలు మారితే పాఠం మారదు గానీ, చూసే చూపు మారిపోతుంది. తెరలో ఎవరైనా ఉన్నారా అని పెద్దాయన ఒకటో నంబరుని అడుగుతాడు. అదేమో ఆయిల్ ట్యాంకు ముందు కూర్చుని ఉంది. ట్యాంకు నిండుగా కనబడుతుంది. అంతా బాగుంది, దించుకోండి అంటుంది."

జిడ్డక్క మూలనున్న చెక్క ముక్క తెచ్చింది. మాస్టారు రెండు చిప్పుల్నీ తారుమారు చేసి బిగించి, కరెంటు వేశాడు. పచ్చలైటు వెలిగింది. తనని తాను పరీక్షించుకుని, మెషీన్ ఏ లోటూ లేదని చెప్పింది. జిడ్డక్క దూరంగా నిలబడి చెక్కని తెర మధ్యలోంచి లోపలికి తోసింది.

దిమ్మ దిగింది. చెక్క పిండైపోయింది. ఆ క్షణంలోనే ఆయిల్ ఎర్రలైటు వెలిగి, ఆమె చేతిలో మిగిలిన ముక్కని బయటికి లాగగానే ఆరిపోయింది.

"ముసలావిడ సరిగ్గానే చూసింది," అంది జిడ్డక్క.

ఇన్‌స్పెక్టర్ వంగి, పిండైన చెక్కని వేళ్లతో తీసి చూసి లేచాడు.

"శభాష్ మేడమ్. నా కేసులో ఉన్న ఒక్క కంతా మీరే పూడ్చారు. మెకానిక్ సాయంత్రం షిఫ్టు దిగాక చిప్పులు మార్చాడు, మర్నాడు బావ పోయాక మళ్లీ సరిగ్గా పెట్టాడు. మూడు గాట్లు. ముద్రలు వాడివే. తీగ మాట కొట్టేసి చిప్పుల మాట రాసుకుంటాను. దీనికి మీకు రుణపడి ఉంటాను."

ఆ అక్క కోసమని వచ్చి, ఆమె తమ్ముడి మెడకి ఉరి తానే బిగించినట్టయింది. జిడ్డక్క కోపం వస్తే మాట్లాడదు, పనిచేస్తుంది. మాస్టారు మళ్లీ ఊడదీసిన చిప్పుని తీసుకుని, ఒక్కొక్క కాలినీ మొదటి నుంచీ చూడటం మొదలుపెట్టింది. ఒక కాలి మొదట్లో వెంట్రుకలాంటి మెరిసే పోగు చుట్టుకుని ఉంది. ఉంగరం తిరిగిన సన్నని పోగు.

"ప్రెస్సు షాపులో లోహం పొడి కాక ఏముంటుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇక్కడ కొట్టేది ఇత్తడి. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు." తలుపు పట్టీలో ఉన్న అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లగానే పోగు టక్కున అతుక్కుంది. "ఇది స్టీలు. మెకానిక్ సంచీ నీ దగ్గరుందిగా, అందులో ఏముంది?"

"స్క్రూడ్రైవర్లు, టెస్టరు, చిప్పులు పెట్టుకునే నల్ల సంచులు."

"నల్ల సంచులున్నవాడికి ఈ పోగుతో పనేంటి?"

మాస్టారు ఆ పోగుని భూతద్దంలో చూసి చిన్నగా నవ్వాడు. ఏదో పాత ముచ్చట గుర్తొచ్చిన నవ్వు.

"ఇది అంట్లు తోమే స్టీలు పీచు అమ్మాయ్. చిప్పు బయటికి తీస్తే ఉత్త బల్ల మీద పెట్టకూడదు. కాళ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండేలా నల్ల స్పాంజిలో గుచ్చాలి. స్పాంజి అయిపోయిన రోజున స్టీలు పీచులో గుచ్చమని మా అమ్మాయిలకి చెప్పేవాణ్ణి. బిగించే పనంతా ఆడపిల్లలదే మరి. వాళ్ల వేళ్లు సన్నం, చెప్పింది చెప్పినట్టు చేసేవారు. ఒకటి అటూ ఇటూ అయినా బోర్డు లేవదు జాగ్రత్త అని భయపెట్టేవాణ్ణి."

"కానీ అటూ ఇటూ అయినా లేచిందిగా ఇప్పుడు."

"ఈ రెండు చిప్పుల విషయంలో లేస్తుంది. అదంతా ఆ పిల్లలకి ఎందుకు? బోర్డు లేవదు అంటే చాలు, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవారు."

పొద్దున్న తన గదిలో కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి జిడ్డక్క కళ్ల ముందుకి వచ్చింది. ముందు ఇనుము, తర్వాత చెవి మిషను. ఆ మెషీన్ నాకు సవతి లాంటిదక్కా. అది ఆగిన రోజు నేనూ ఆగుతాను.

"ఏమైంది మేడమ్? మొహం అలా పాలిపోయింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి వెటకారం లేదు.

"ఒకరికి మాటిచ్చాను. అది తీర్చుకుని వస్తాను," అంది.

క్యాంటీన్‌లో ఎవరూ లేరు. మొగుడి సామాను తీసుకుపోదామని వచ్చిన ఆపరేటర్ భార్య, తొట్టి దగ్గర నిలబడి గ్లాసులు తోముతోంది. తోమి బోర్లించినవి పక్కన కుప్పగా ఉన్నాయి. ఎవరూ తోమమనలేదు.

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందక్కా," అంది తిరక్కుండానే. "ఏమైనా తెలిసిందా?"

ఆమె చేతిలో స్టీలు పీచు ఉంది. జిడ్డక్క దాన్నే చూస్తూ స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వు పెళ్లికి ముందు బోర్డుల కంపెనీలో చేసేదానివా?"

చేతులు ఆగాయి. కుళాయి మాత్రం పారుతోంది.

"చేశాను. ఆ పెట్టెలో బోర్డు మా వరసలో బిగించిందే. ఆ సంబంధం అలాగే కుదిరింది. నీ చేతి బోర్డు నా మెషీన్‌లో ఉందని ఆయన మురిసిపోయేవాడు." కుళాయి కట్టేసింది. "మీకు తెలిసిపోయింది కదా."

"చెప్పు. నీ నోటితోనే చెప్పు."

"ఆ ముందురోజు సాయంత్రం ఆయన తాళాలు తీసుకుని పెట్టె తెరిచాను. రెండు చిప్పులు అటుదిటు, ఇటుదటు పెట్టాను. మెషీన్ లేవదు, బాగుచేసేవాళ్లు లేరు, పాతదని పక్కన పడేస్తారు, ఈయన ఆపరేషన్‌కి పోతాడు అనుకున్నాను. అంతే అక్కా. విరగ్గొట్టడానికి కూడా మనసొప్పలేదు. ఆయన ప్రాణం దాని మీదే కదా అని, పీచులో గుచ్చి పదిలంగానే మార్చాను." పీచుని తొట్టి గట్టు మీద పెట్టింది. "కానీ పొద్దున్న అది లేచింది. ఎప్పటిలాగే పచ్చలైటు వేసుకుని లేచింది. ఇక్కడ్నుంచే చప్పుడు విన్నాను. నేను చేసింది పనిచేయలేదని ఏడుపొచ్చింది. పనిచేయలేదు కదా అక్కా? లేచిందంటే తప్పేమీ లేనట్టే కదా?"

ముందు నాకే చెప్పాలని ఆమె ఎందుకు మాట తీసుకుందో జిడ్డక్కకి అప్పుడు అర్థమైంది. పూర్తిగా తెలిసి అడగలేదు, ఏమీ తెలియకా అడగలేదు. మూడు రోజులుగా ఆ ఒక్క ప్రశ్నని గొంతులో పెట్టుకుని తిరుగుతోంది.

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. జిడ్డక్క దాన్ని పోనిచ్చింది.

చెప్పింది. నంబరు కడుపులో ఉండటం గురించి, బయటి ప్రపంచంతో మాట్లాడే నాలుగు కాళ్ల గురించి, వీలైనంత చిన్న మాటల్లో చెప్పింది. ఆపరేటర్ భార్య మధ్యలో ఒక్కసారీ అడ్డుపడలేదు. ఆ చేతులు ఆ పనే చేసినవి కాబట్టి, అర్థం కావడానికి ఎక్కువ మాటలు పట్టలేదు.

"ఆయన లోపలికి వంగినప్పుడు దానికి ఆయన కనబడలేదా?"

"లేదమ్మా. ఆయిల్ తగ్గిందనుకుంది."

ఆమె తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. పడిపోతుందేమోనని జిడ్డక్క లేచింది గానీ, ఆమె పడలేదు.

"మా తమ్ముడికి తెలుసా?"

"ఆ రోజే తెలిసింది. పెట్టె తెరవగానే రంగు చుక్కలు తారుమారై కనిపించి ఉంటాయి. పీచు చూసి ఉంటాడు. చిప్పులు సరిగ్గా పెట్టేసి, నీ చేతి గుర్తులు తుడిచేసి, నోరు మూసుకున్నాడు."

"అందుకా. లాకప్‌కి వెళ్తే నా మొహం చూడలేదు వాడు. బావని చంపానని ఒప్పుకున్న సిగ్గేమో అనుకున్నాను. నా మీద కోపమేమో అని కూడా అనుకున్నాను." కళ్లు తుడుచుకోకుండానే అంది. "నేను జైలుకి పోతానని కాదు అక్కా వాడి భయం. ఇది నాకు తెలుస్తుందని."

జిడ్డక్క తల వంచుకుంది. మీరు కూడా వెతక్కండి అని వాడు బతిమాలింది ఇందుకే. ఉరికైనా సిద్ధపడి వాడు మూసిపెట్టిన తలుపుని, ఒక్క పూటలో తను తెరిచేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకి తన పేరు మీద అసహ్యం వేసింది.

గుమ్మం దగ్గర అలికిడైంది. ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో అతని మొహమే చెబుతోంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కోర్టుకి టైమవుతోంది మేడమ్," అన్నాడు. ఎవరిని తీసుకెళ్లాలో తనకే తెలియనట్టు అన్నాడు.

ఆపరేటర్ భార్య చేతులు గుడ్డకి తుడుచుకుంది. బల్ల మీద మొగుడి చెవి మిషను డబ్బా ఉంది. అలవాటుగా ముందు ఇనప కుళాయిని ముట్టుకుంది. ముట్టుకున్నాక, తనేం చేసిందో తెలిసి, ఆ చేతిని తనది కానట్టు చూసుకుంది. డబ్బా తీసుకోలేదు.

"పదండి సార్," అంది. "వాణ్ణి ఇంటికి పంపించి నన్ను రాసుకోండి. నేనే చంపానని రాసుకోండి, సంతకం పెడతాను. కానీ అన్నిటికన్నా ముందు ఒక మాట రాయాలి. అది ఆగుతుందనుకున్నాను. అది రాస్తేనే పెడతాను."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కలం తీశాడు. చేతిలో కాగితం లేదు. అడగలేక జిడ్డక్క వైపు చూశాడు, జిడ్డక్క కాగితం కోసం లేచింది.